కటమరాన్ పందేల నుంచి ఒలింపిక్స్ దాకా: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

రుషికొండ ఇసుకలో ఆదివారం ఉదయం పడవలకు తాళ్లు బిగిస్తున్నంతసేపూ ఎవరో ఒక తల్లో తండ్రో దగ్గరకు వచ్చి అడిగే ప్రశ్నలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. తెరచాప పందేల్లోకి, అందులోనూ రెండు హల్‌లు (నీటి మీద తేలే పడవ దేహాలు) ఉన్న పడవల్లోకి పిల్లలను పంపాలనుకునే వారికి నోటితో చెబుతూ వచ్చిన సమాధానాలనే ఇక్కడ రాసి ఉంచాను. ప్రతి సమాధానం దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టక ముందు

కటమరాన్ అంటే మన జాలర్ల తెప్పే కదా? ఇందులో కొత్తగా నేర్చుకునేది ఏముంది?

పేరు మన తీరానిదే. దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టిన తెప్పకు తమిళంలో ఉన్న 'కట్టుమరం' అన్న మాటే ప్రపంచమంతా తిరిగి కటమరాన్‌గా మనకు వచ్చింది. అయితే పందెపు కటమరాన్ నిర్మాణం వేరు. రెండు సన్నని హల్‌లను దూరదూరంగా ఉంచి, మధ్యలో గట్టి వల లాంటి ట్రాంపొలీన్ బిగిస్తారు. హల్ సన్నగా ఉండటం వల్ల నీరు తక్కువగా అడ్డుపడుతుంది. రెండు హల్‌ల మధ్య ఎడం ఉండటం వల్ల పడవ తేలికగా ఒరగదు, అందుచేత దాని బరువుతో పోలిస్తే చాలా పెద్ద తెరచాప ఎత్తవచ్చు. వేగానికి మూలం ఈ రెండే.

నేర్చుకోవలసినది కూడా అక్కడే మొదలవుతుంది. ఒంటి హల్ పడవ గాలికి కొద్దికొద్దిగా ఒరుగుతూ ముందే హెచ్చరిస్తుంది. కటమరాన్ మాత్రం గాలివైపు హల్ నీటిని వదిలేవరకు నిలకడగా ఉండి, ఆ తరువాత రెండు మూడు క్షణాల్లో తిరగబడుతుంది. వేగం పెరిగే కొద్దీ పడవ మీద వీచే గాలి ముందువైపుకు జరుగుతుంది కనుక, గాలివాలులో (గాలి వీచిపోయే దిక్కున) ఉన్న పందెపు మలుపు గుర్తు దగ్గరకు సూటిగా పోవడం కంటే పక్కలకు మళ్లుతూ పోతేనే ముందుగా చేరతారు. ఈ సంగతి మాటలతో ఒప్పుకున్న పిల్లవాడికి కూడా శరీరానికి ఎక్కడానికి ఒక సీజన్ పడుతుంది.

ఒలింపిక్స్‌లో ఈ పోటీ ఎప్పటి నుంచి ఉంది? ఇప్పుడు ఏ పడవ వాడుతున్నారు?

1976 నుంచి 2008 వరకు టోర్నడో అనే కటమరాన్ ఒలింపిక్ తరగతిగా ఉండేది. 2012 లండన్ క్రీడల్లో రెండు హల్‌ల పడవకు చోటు దక్కలేదు. 2016 రియోలో నాక్రా 17తో ఈ పోటీ తిరిగి వచ్చింది, ఈసారి ఒక పురుషుడు, ఒక మహిళ కలిసి నడపాలన్న నియమంతో. ఈ పడవ పొడవు 5.25 మీటర్లు. రియోలో దీనికి వంపు తిరిగిన డాగర్‌బోర్డులు (హల్ నుంచి నీటిలోకి దించే పలకలు) ఉండేవి. ఆ తరువాత నీటి లోపల రెక్కల్లా పనిచేసే ఫాయిల్స్ అమర్చడంతో టోక్యో, పారిస్ క్రీడల నాటికి పడవ నీటిని వదిలి పైకి లేచి పరుగెత్తసాగింది. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లోనూ నాక్రా 17 ఉంది.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు నిండాయి. ఆలస్యమైపోయిందా?

కాలేదు. పిల్లలు ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవలో ఏడెనిమిదేళ్లకే మొదలుపెట్టే మాట నిజమే, కానీ అందులో పోటీపడటానికి పదిహేనేళ్ల దగ్గర హద్దు ఉంది. కటమరాన్‌కు ఒడ్డూపొడుగూ కావాలి కనుక పద్నాలుగు, పదిహేను ఏళ్లు అనువైన వయసే. రియోలో నాక్రా 17 స్వర్ణం గెలిచిన అర్జెంటీనా నావికుడు శాంటియాగో లాంగేకు అప్పుడు 54 ఏళ్లు. అంతకు ముందు సంవత్సరమే కేన్సర్ వల్ల ఆయన ఊపిరితిత్తిలో కొంత భాగాన్ని తొలగించారు. జిమ్నాస్టిక్స్ లాగా ఇరవై ఏళ్లకే ముగిసిపోయే ఆట కాదిది. ఆలస్యమవుతుందని భయపడి వారానికి ఆరు రోజులు తోయడం కంటే, ఇష్టం చెడకుండా పదేళ్లు కొనసాగేలా చూడటం మేలు.

ఈత వస్తే చాలా?

ఈత తప్పనిసరి, కానీ ఈతకొలనులో వచ్చిన ఈత సరిపోదు. లైఫ్ జాకెట్ వేసుకుని, కెరటాల మధ్య, పడవను వదలకుండా పట్టుకుని ఉండటం అలవాటు కావాలి.

ఆర్.కె. బీచ్‌లో ఏటా ఎవరో ఒకరు కొట్టుకుపోతున్నారని వింటాం. అటువంటి సముద్రంలోకి పిల్లలను ఎలా పంపడం?

ఈ భయం న్యాయమైనదే కనుక వివరంగా చెబుతాను. మన తీరంలో అసలు ప్రమాదం లోతైన సముద్రంలో కంటే మొదటి యాభై మీటర్లలో ఎక్కువ. కెరటాలు ఇసుకకు దగ్గరగా వచ్చి ఒక్కసారిగా విరుగుతాయి, ఆ నీరు వెనక్కు పోయేటప్పుడు కొన్ని చోట్ల కాలువలా లోపలికి లాగుతుంది. సముద్రం తెలియనివారు నడుములోతు నీటిలోనే మునిగేది అందుకే.

పడవను దింపేటప్పుడు మేము పాటించే పద్ధతి ఇది. ఇద్దరూ పడవ ముందు చెరోవైపు నిలబడి, ముక్కును సూటిగా కెరటాల వైపు ఉంచి, చుక్కానులను పైకి లేపి ఉంచుతారు. అప్పుడు సముద్రాన్ని చూస్తూ లెక్కపెట్టడం మొదలవుతుంది. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి. అవి పోయాక కొద్దిసేపు నీరు శాంతిస్తుంది. ఆ వ్యవధి రోజుకు ఒక రకంగా ఉంటుంది కనుక కనీసం పది నిమిషాలు చూడనిదే ఎవరినీ కదలనివ్వను. వ్యవధి దొరకగానే తెరచాపలో గాలి నింపుకుని, కెరటాలు విరిగే గీత దాటిన తరువాతే చుక్కానులు కిందికి దించుతారు. ఈ ఒక్క పని తడబడకుండా చేయడానికి చాలామంది పిల్లలకు రెండు నెలలు పడుతుంది. కెరటాలు అదుపు తప్పిన రోజు పడవ ఇసుక మీదే ఉండిపోతుంది. ఆ రోజు ముడులు, నియమాలు నేర్పుతాం.

ఏ నెలల్లో సాధన బాగుంటుంది?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున నేల మీద నుంచి వీచే చల్లగాలి, చదునైన నీరు కొత్తవారికి చక్కగా సరిపోతాయి. మార్చి నుంచి మధ్యాహ్నపు సముద్రపు గాలి బలపడుతుంది, పోటీ సాధనకు అది మంచి కాలం. నైరుతి గాలి తీరం వెంబడి వీచే రోజుల్లో డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున గాలి ముక్కలుగా విరుగుతుంది, కాబట్టి ఆ కొండకు ఎంత దూరంలో సాధన చేస్తున్నామన్నది లెక్కలోకి వస్తుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరాన్ని ఏం చేసిందో చూసినవారెవరూ ఆ నెలల్లో పడవను తీరాన నిలబెట్టి ఇంటికి పోరు. తెరచాప స్తంభం దించి, హల్‌లను భూమికి కట్టివేయాలి.

## మొదటి రెండు మూడు సంవత్సరాలు

ముందు ఒంటి హల్ పడవ నేర్పాలా, నేరుగా కటమరాన్ ఎక్కించవచ్చా?

నా అభిప్రాయంలో ముందు ఒంటి హల్ పడవే. ఆప్టిమిస్ట్‌లోనో ఐఎల్‌సీఏలోనో (లేజర్ అన్న ఒంటరి పడవకు కొత్త పేరు) పిల్లవాడు ఒంటరిగా ఉంటాడు. గాలి ఎటు మళ్లిందో, పందెం మొదలయ్యే గీత మీద ఏ చివర మేలో, దారి హక్కు ఎవరిదో తానే నిర్ణయించుకోవాలి. కటమరాన్ వేగం వ్యసనం లాంటిది. ముందే దాన్ని రుచి చూసిన పిల్లలు వేగాన్నే నమ్ముకుని, గాలి చదవడం మీద ఓపిక పెట్టరు. తరువాత వందలాది పందేల అనుభవం ఉన్నవారితో తలపడినప్పుడు పడవ వేగంగానే పోతుంది, కానీ తప్పు వైపుకు పోతుంది.

ఆ తరువాత మన తీరానికి హోబీ 16 వంటి పడవ మంచి బడి. దానికి డాగర్‌బోర్డులు ఉండవు కనుక ఇసుక మీద నుంచి నేరుగా దింపవచ్చు, నేరుగా ఎక్కించవచ్చు. ట్రాపీజ్ తీగకు వేలాడుతూ పడవ అంచున నిలబడటం, జిబ్ (ముందువైపు చిన్న తెరచాప) సర్దడం, ఇద్దరి కదలిక ఒకటిగా సాగడం, ఇవన్నీ అందులోనే వస్తాయి. అక్కడి నుంచి యువతరగతి నాక్రా 15. ప్రపంచ యువ పోటీల్లో 2016 నుంచి వాడుతున్న కటమరాన్ ఇదే.

హుస్సేన్ సాగర్‌లో నేర్చుకున్న పిల్లలు జాతీయ స్థాయిలో గెలుస్తున్నారు. మరి మనకు సముద్రం ఎందుకు?

హైదరాబాద్ చెరువు గొప్ప బడే. చుట్టూ ఉన్న భవనాల వల్ల అక్కడ గాలి క్షణక్షణానికీ దిక్కు మార్చుకుంటుంది, దాన్ని పసిగట్టగలిగిన వారి కళ్లు చురుకవుతాయి. కానీ చెరువులో కెరటం లేదు. ఒలింపిక్ పందేలు ఎక్కువగా సముద్రంలోనే జరుగుతాయి, కటమరాన్ ముక్కు ఎదుటి కెరటం వీపులో గుచ్చుకుని ముందుకు పల్టీ కొట్టే ప్రమాదాన్ని చెరువు నేర్పలేదు. రెండూ కావాలి. వీలున్న పిల్లలు సెలవుల్లో అక్కడికి వెళ్లి పందేల్లో పాల్గొనడం చాలా మంచిది.

బోల్తా పడితే పిల్లలు తామే లేపుకోగలరా?

బరువును బట్టి ఉంటుంది. ముందుగా స్తంభం గాలికి ఎదురుగా ఉండేలా పడవను తిప్పుకోవాలి. తరువాత ఇద్దరూ కింది హల్ మీద నిలబడి, తాడు పట్టుకుని వెనక్కు వాలితే తెరచాప కింద దూరిన గాలే పడవను లేపడానికి సాయపడుతుంది. నలభై కిలోల పిల్లలు ఇద్దరు హోబీ 16ను లేపలేరు. అందుకే తోడు మోటారు పడవ లేని రోజు తేలికపాటి జట్టును నేను నీటిలోకి పంపను. పడవ తిరగబడితే చేయవలసిన మొదటి పని లేపడం కాదు, భాగస్వామి తల నీటిపైన కనబడుతోందా అని చూసి, గట్టిగా పేరు పెట్టి పిలవడం.

పడవ సంరక్షణ కూడా పిల్లలకే నేర్పాలా? దానికి మనుషులు ఉంటారు కదా?

పిల్లలకే నేర్పాలి. ఒకసారి లాసన్స్ బే ఎదుట మా పాత కటమరాన్ ఎంత ప్రయత్నించినా ఎడమకు తిరగకుండా బరువెక్కిపోయింది. ఎడమ హల్ వెనుక భాగం నీటికి మరీ దగ్గరగా ఉందని ట్రాపీజ్ మీద ఉన్న అమ్మాయి గమనించింది. నీరు బయటకు పోవడానికి హల్ చివర ఉండే చిన్న బిరడాను ఆ ఉదయం ఎవరూ బిగించలేదు. బొటనవేలంత రంధ్రం గుండా అరగంటలో హల్ సగానికి సగం నిండింది. ఒడ్డుకు చేరుకోగలిగాం కానీ, ఇంకో అరగంట గడిచి ఉంటే చేరేవాళ్లం కాదు. ఆ రోజు నుంచి బిరడాలు బిగించి, వేలితో తాకి, పైకి 'ఎడమ', 'కుడి' అని చెప్పనిదే పడవ కదలదు. ఉప్పునీటిలో పిన్నులు, తీగల చివరలు ఎలా అరుగుతాయో రోజూ కడిగే చేతికే తెలుస్తుంది.

జాలరిపేట పిల్లలకు సముద్రం పుట్టుకతోనే తెలుసు. వారిని ఎందుకు తీసుకోరు?

తీసుకోవాలన్నదే నా బలమైన కోరిక. కెరటాల వ్యవధిని, నీటి రంగు మారడాన్ని, గాలి రాబోయే ముందు దూరాన నల్లబడే గీతను వాళ్లు చదివినట్టు మిగతా పిల్లలు చదవడానికి ఏళ్లు పడుతుంది. వారికి లేనివి మూడు: పందెపు నియమాలు అర్థమయ్యే భాషలో ఉండటం, సాధన రోజున ఇల్లు కోల్పోయే సంపాదనకు సాయం, పోటీలకు తీసుకువెళ్లే దారిఖర్చు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ 4 తరగతిలో రజతం గెలిచిన నేహా ఠాకుర్ మధ్యప్రదేశ్‌లోని ఒక రైతు కుమార్తె. సముద్రమే లేని రాష్ట్రం భోపాల్ చెరువులో ఒక బడి నడిపి ఆ పని చేసింది. తీరం పొడవునా జాలరి గ్రామాలున్న మనం నియమాలను కనీసం తెలుగులో అయినా చెప్పగలగాలి.

## జట్టు

మంచి జోడీని ఎలా ఎంచుకోవాలి?

ఈ ఆటలో నేను చూసిన ఆశాభంగాల్లో ఎక్కువ భాగం పడవ వల్ల కాదు, జోడీ విడిపోవడం వల్ల వచ్చినవి. ఇద్దరూ కలిసి మూడేళ్లు సంపాదించినది ఒకరు ఇంజినీరింగ్ కోసం వేరే ఊరు వెళ్లిన రోజున సగానికి పైగా పోతుంది. కొత్త భాగస్వామితో మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలి. కాబట్టి నైపుణ్యం కంటే ముందు మూడు సంగతులు అడుగుతాను: రాబోయే నాలుగేళ్లు ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటారా, ఇద్దరి ఇళ్లలోనూ ఒకే మాట మీద ఉన్నారా, ఓడిన రోజు ఒడ్డుకు వచ్చాక మాట్లాడుకోగలరా?

మూడోదే కష్టం. నీటి మీద అరుపులు సహజం, గాలిలో మెల్లగా చెబితే వినబడదు. ఒడ్డుకు వచ్చి, పడవ కడిగి, బట్టలు మార్చుకున్న తరువాత పావుగంట కూర్చుని ఎక్కడ ఏం జరిగిందో ఇద్దరూ తమ తమ మాటల్లో చెప్పాలి. ఒకరు చెబుతున్నప్పుడు రెండోవారు అడ్డు రాకూడదు. ఈ పావుగంట తప్పించుకునే జోడీ ఏడాదికి మించి నిలవడం నేను చూడలేదు.

అమ్మాయి, అబ్బాయి కలిసి రోజంతా సాధన, ఊళ్లు తిరగడం. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

ఇది మన ఇళ్లలో నిజమైన అడ్డంకి, దాన్ని తేలిక చేసి మాట్లాడటం సరికాదు. రియోలో నాక్రా 17 రజతం గెలిచిన ఆస్ట్రేలియా జట్టు జేసన్ వాటర్‌హౌస్, లీసా డార్మనిన్ వరుసకు అన్నాచెల్లెళ్ల వంటివారే, ఒకరికొకరు కజిన్స్. అటువంటి బంధువుల జోడీ మనకు బాగా కుదురుతుంది. అది వీలుకానప్పుడు రెండు కుటుంబాలను ముందే కూర్చోబెట్టి, ప్రయాణాల్లో మహిళా శిక్షకురాలో ఒక తల్లో వెంట ఉండేలా మాట తీసుకోవాలి. పెద్దలను ఒక పూట ఒడ్డుకు పిలిచి సాధన చూపించండి. ఆ పని ఎంత కష్టమో కళ్లారా చూసిన అమ్మమ్మలు, నాన్నమ్మలు చాలాసార్లు మనసు మార్చుకున్నారు.

చుక్కాని పట్టేది అబ్బాయేనా? అమ్మాయి సహాయకురాలేనా?

అలాంటి నియమం లేదు. రియోలో నాలుగో స్థానం పొందిన న్యూజిలాండ్ జట్టులో చుక్కాని పట్టింది జెమ్మా జోన్స్ అనే మహిళ. పైగా ఫాయిల్స్ మీద లేచే పడవలో క్రూ (చుక్కాని పట్టని రెండోవారు) పని చిన్నది కాదు. పెద్ద తెరచాపను సర్దే మెయిన్‌షీట్ తాడును క్షణక్షణం లాగి వదులుతూ పడవను ఒకే ఎత్తులో నిలిపేది చాలావరకు ఆ చేతులే.

ఎంత బరువు ఉండాలి?

నాక్రా 17లో ఇద్దరి బరువు కలిపి 130 కిలోల చుట్టుపక్కల ఉంటే పోటీకి అనువుగా ఉంటుంది. పెరిగే వయసు పిల్లలను ఈ అంకె కోసం పస్తులు ఉంచవద్దు. వయసుకు తగిన తరగతి మార్చుకోవడమే సరైన పద్ధతి.

## ఫాయిల్స్ దశ

డబ్బు సర్దుకోగలం. ఇప్పుడే నాక్రా 17 కొంటే త్వరగా ఎదుగుతారు కదా?

కొనవద్దు. పడవ ఒక్కటే కాదు, విడి ఫాయిల్స్, తెరచాపలు, దిగుమతి ఖర్చు, విరిగినదాన్ని మళ్లీ తెప్పించుకునే వరకు ఖాళీగా పోయే నెలలు, వీటన్నిటినీ లెక్కవేయాలి. హోబీ, నాక్రా 15 దశలు దాటని జట్టు నాక్రా 17 మీద నేర్చుకునే దానికంటే విరగ్గొట్టేది ఎక్కువ. అదే డబ్బుతో పాత హోబీలు రెండో మూడో కొని ఆరుగురు పిల్లలను ఒకరి మీద ఒకరిని పోటీకి దింపితే, మీ అమ్మాయి ఎక్కువ ఎదుగుతుంది.

రుషికొండ నుంచే ఫాయిలింగ్ సాధన చేయవచ్చా?

చేయడం చాలా కష్టం, మన ఊరికి ఉన్న పెద్ద చిక్కు ఇదే. ఫాయిల్స్ హల్ కింద లోతుగా దిగి ఉంటాయి. విరిగే కెరటాల్లో నేల తగిలితే అవే ముందు దెబ్బతింటాయి. అందుకు ర్యాంపు, కెరటాలకు చెదరకుండా చాటున ఉండే నీరు కావాలి. మన దగ్గర అలాంటి చాటునీరు ఉన్న చోట్లు రేవు, నౌకాదళ ప్రాంతం, చేపల రేవు, అంటే అనుమతి లేనిదే అడుగుపెట్టలేని చోట్లు. రద్దీ కూడా ఎక్కువ. పిల్లల పడవలకు విడిగా ఒక చిన్న ర్యాంపు కేటాయిస్తే ఈ ఊరి తెరచాప క్రీడ రూపమే మారుతుందని గట్టిగా నమ్ముతున్నాను. అంతవరకు ఫాయిలింగ్ కోసం గోవా, చెన్నై, ముంబయి, లేదా విదేశీ శిబిరాలకు వెళ్లక తప్పదు.

వలలు, చెత్త అడ్డుపడవా?

పడతాయి. గంటకు 37 కిలోమీటర్ల వేగంలో, అంటే 20 నాట్‌లలో, ఒక పాలిథిన్ సంచి ఫాయిల్‌కు చుట్టుకున్నా పడవ ముక్కు మీద కూలుతుంది. వల తగిలితే అటు జాలరికీ నష్టమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం ఉండే 61 రోజుల్లో సముద్రం కాస్త ఖాళీగా ఉంటుంది. మిగతా రోజుల్లో సాధన ప్రాంతాన్ని ముందు రోజే దగ్గరి పేట పెద్దలకు చెప్పి, వలలు ఎక్కడ వేస్తున్నారో తెలుసుకుని బయలుదేరాలి.

ఫాయిల్స్ వల్ల గాయాలు అవుతాయని విన్నాం. ఎంతవరకు నిజం?

నిజమే. 2017లో ఫ్రాన్స్‌లోని లా గ్రాండ్ మోట్ దగ్గర సాధనలో అమెరికా నావికుడు బోరా గులారీ చేతివేళ్ల కొనలు కోల్పోయాడు. న్యూజిలాండ్ క్రీడాకారిణి ఎరికా డాసన్‌కు టోక్యోకు కొన్ని వారాల ముందు కాలి ఎముక విరిగింది, ఆమే పారిస్ క్రీడల్లో మైకా విల్కిన్సన్‌తో కలిసి కాంస్యం గెలిచింది. హెల్మెట్, గట్టి బట్టలు, త్వరగా ఊడే హార్నెస్ కొక్కెం, వెన్నంటి ఉండే మోటారు పడవ, అందులో రక్తం ఆపడం తెలిసిన మనిషి, ఇవి లేకుండా ఫాయిలింగ్ చేయించే శిక్షకుడి దగ్గరకు పిల్లలను పంపవద్దు.

## ఒలింపిక్ దారి

భారత్ నుంచి ఈ తరగతిలో ఎవరైనా ఒలింపిక్స్‌కు వెళ్లారా?

నాక్రా 17లో ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు. టోక్యోలో మనవారు లేజర్, లేజర్ రేడియల్, 49ఈఆర్ తరగతుల్లో పోటీపడ్డారు. పారిస్‌కు విష్ణు శరవణన్, నేత్రా కుమనన్ ఒంటరి పడవల్లోనే అర్హత సాధించారు. పారిస్‌లో నాక్రా 17కు 19 జట్లకే చోటు, దేశానికి ఒక్క జట్టే.

మా జట్టు ఇక్కడ అందరికంటే వేగంగా ఉంది. విదేశాల్లో మాత్రం చివరన ఎందుకు ఉంటోంది?

ఒక్క పడవతో సాధన చేసే జట్టుకు తాను వేగంగా ఉన్నానో లేదో తెలిసే మార్గం లేదు. తాడు రెండు అంగుళాలు బిగిస్తే పడవ మెరుగుపడిందా, గాలి పెరిగిందా అన్నది పక్కన సమానమైన ఇంకో పడవ ఉంటేనే తేలుతుంది. యూరప్‌లో పదిహేను, ఇరవై నాక్రాలు ఒకే నీటిలో ఏడాది పొడవునా సాధన చేస్తాయి. అక్కడి ఒక మామూలు జట్టు ఒక నెలలో ఎదుర్కొనే ఆరంభ గీతలు మన జట్టుకు ఏడాదిలో దొరకవు. నేత్రా కుమనన్ స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కెనేరియాలో సాధన చేయడానికి కారణం అదే. విశాఖలో చేయగలిగింది ఒకటుంది: ఎంత పాతవైనా సరే ఒకే రకం పడవలు నాలుగు సమకూర్చుకుని, వారంలో ఒక రోజు పూర్తిగా ఆరంభాలకే కేటాయించడం. మూడు నిమిషాల లెక్క, గీత, మొదటి రెండు వందల మీటర్లు, మళ్లీ వెనక్కు. ఒక పూటలో ఇరవై సార్లు.

చదువు, ఉద్యోగం సంగతేమిటి?

విష్ణు శరవణన్ సైన్యంలో ఉంటూ ముంబయిలోని ఆర్మీ యాటింగ్ నోడ్ నుంచి ఎదిగినవాడు. సైన్యం, నౌకాదళం క్రీడాకారులకు జీతం, పడవ, సమయం మూడూ ఇవ్వగలవు. పౌర కుటుంబాల పిల్లలకు డిగ్రీని నాలుగేళ్లకు బదులు ఐదారేళ్లకు సర్దుకోవడం ఒక దారి. ఇంటర్ రెండేళ్లూ పూర్తిగా మాన్పించి మళ్లీ పంపితే మాత్రం పిల్లలు సాధారణంగా తిరిగి రారు. వారానికి ఒక్క పూటైనా నీటిని వదలనివ్వకండి.

మా పిల్లలు సిద్ధమయ్యేసరికి ఈ తరగతినే తీసేస్తే?

అది జరగవచ్చు. 2008 తరువాత టోర్నడో జట్లకు అదే జరిగింది. అయినా ఒక పడవలో నేర్చుకున్నది ఇంకో పడవలోకి వస్తుంది. లాంగే 1988లో సోలింగ్, 1996లో లేజర్, 2000లో టోర్నడో నడిపి, 2004, 2008లలో అదే టోర్నడోలో కాంస్యాలు గెలిచి, నాలుగేళ్ల తరువాతి లండన్ క్రీడల్లో తన తరగతే లేకుండా పోయినా, రియోలో సిసిలియా కరాంజాతో నాక్రా 17 ఎక్కాడు. టోక్యో, పారిస్ రెండింటిలోనూ కతెరీనా బాంటీతో కలిసి స్వర్ణం గెలిచిన ఇటలీ నావికుడు రుజెరో టీటా రియోలో 49ఈఆర్ అనే ఒంటి హల్ పడవ నడిపినవాడు. మీ పిల్లలు పదిహేనేళ్ల లోపు ఉన్నట్లయితే ఇప్పుడు తరగతి గురించి ఆలోచించకుండా, ఈ సీజన్‌లో ఎన్ని రోజులు నీటి మీద గడిపారో ఒక పుస్తకంలో రాసుకోమనండి: తేదీ, గాలి, ఎవరితో, ఏం విరిగింది.